సన్న వైరు, పట్టీ వైరు

వరద నీళ్లు ప్రెస్సులో నడుములోతు నిలిచి సీసపు అక్షరాల గళ్లపెట్టెలన్నీ బురదపాలైన ఏటికి అది ఐదో ఏడు. అప్పటికి ప్రెస్సులో సీసమే లేదు. అక్షరాలు పేర్చే బల్ల ఉన్నచోట ఒక కంప్యూటరు ఉండేది. రెండోది ఒక సోమవారం పొద్దున వ్యానులో వచ్చింది.

కటింగు బాబాయి అప్పుడు రీము లెక్కపెడుతున్నాడు. మిల్లు నుంచి వచ్చే రీములో ఐదు వందల కాగితాలుండాలి. ఉండవు. అందుకని కత్తికింద పెట్టేముందు ప్రతి రీమూ ఆయన చేతుల మీదుగా పోవలసిందే. కట్టను ఎడమచేత్తో మెలిపెట్టి విసనకర్రలా విప్పుతాడు. కుడిచేతి వేళ్లు ఆ అంచుమీద ఐదేసి కాగితాలను పట్టుకుంటూ నడుస్తాయి. ఐదు కాగితాలు ఒక చెయ్యి. వంద చేతులు ఒక రీము. ముప్ఫై ఏళ్లుగా ఆ వేళ్లది ఒకే నడక. ఎవరు పలకరించినా, కరెంటు పోయినా ఆ నడక మారదు. మూడో తరగతితో బడి మానేసిన మనిషికి అంతకుమించి లెక్కలు రావు. అవసరం కూడా పడలేదు.

"జరగండి, జరగండి! కొత్త పెళ్లికూతురు దిగింది!" అంటూ కంప్యూటరు మెకానిక్ అట్టపెట్టెను కడుపుకి ఆనించుకుని లోపలికొచ్చాడు. వీధి చివర అతనికి చిన్న షాపుంది. ఆ వీధిలో ఎవరింట్లో కంప్యూటరు మొరాయించినా అతనే రావాలి.

ప్రెస్సు యజమాని గల్లా దగ్గరనుంచి లేచి వచ్చాడు. అచ్చు మెషీన్‌మ్యాన్ మిషను ఆపి, సిరా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. ఆపరేటరమ్మాయి కొత్తదానికోసం వేసిన బల్లను అప్పటికే రెండుసార్లు తుడిచింది. మళ్లీ తుడిచింది.

మెకానిక్ కొత్త పెట్టె పక్కమూత తీసి, లోపలినుంచి ఎర్రటి సన్న వైరునొకదాన్ని రెండు వేళ్లతో పట్టి చూపించాడు.

"ఇదీ సాటా అంటే! మీ పాతదాన్లో హార్డ్ డిస్కుకి పట్టీ వైరు ఉంటుంది, ఇంత వెడల్పు. డేటా అందులో నడుచుకుంటూ వస్తుంది. ఇందులో ఎగిరొస్తుంది. మూడింతలు స్పీడు!"

"సన్న వైర్లో ఎక్కువెలా వస్తుందిరా? సన్న పైపులో నీళ్లెక్కువొస్తాయా?" అన్నాడు మెషీన్‌మ్యాన్.

"నీళ్లు వేరు, డేటా వేరు అన్నా. కాగితం తే, రాసిస్తా. మూడింతలు!"

బాబాయి రీము పక్కన పెట్టాడు. ఒకసారి పాడైపోయిన డిస్కును ఈ మెకానికే విప్పి ఆయనకు చూపించాడు. లోపల అద్దంలాంటి పళ్లెం, దానిమీద వాలే సన్నటి ముల్లు. ఆ పళ్లెం తిరుగుతుంటేనే ముల్లు చదువుతుందని అప్పుడు చెప్పాడు.

"లోపల పళ్లెం ఎన్నిసార్లు తిరుగుతుంది?" అని అడిగాడు.

ఆయన నోరు తెరిచేసరికి అందరూ అటు తిరిగారు.

"నిమిషానికి ఏడువేల రెండొందల సార్లు తాతా."

"పాతది?"

"అదీ అంతే."

"మరి?"

"మరేంటి తాతా! వైరు కొత్తది కదా!"

అందరూ నవ్వారు. బాబాయి మళ్లీ కట్ట అందుకున్నాడు.

యజమాని ఫోనొస్తే బయటికి వెళ్లాడు. మెకానిక్ దుమ్ము దులుపుతానని పాతదాని మూత కూడా తీశాడు. ఆపరేటరమ్మాయి అతని పక్కన వంగి నిలబడి నవ్వుతూ ఏదో చెబుతోంది, చేత్తో ఇటూ అటూ చూపిస్తోంది. అచ్చు మిషను మళ్లీ మొదలవడంతో ఆ మాటలేవీ బాబాయి చెవిన పడలేదు. ఇంటినుంచి తెచ్చిన పూలగుడ్డ ముసుగొకటి ఆమె సంచిలోంచి తీసి కొత్త తెర కొలతకు పట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.

అరగంటకు యజమాని తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇదిగో, మావాడు. ఆరు నెలల కోర్సు చేశాడు. కూర్చోరా, నీదే ఇది."

ఆమె ముసుగును నాలుగు మడతలు పెట్టింది. ఇంకో మడత పెట్టింది. సంచిలో వేసుకుని పాతదాని ముందుకెళ్లి కూర్చుంది.

*

ప్రెస్సులో అప్పుడు నడుస్తున్న పని ఊరి టెలిఫోన్ డైరెక్టరీ. మూడు వందల పైచిలుకు పేజీలు, ప్రతి పేజీకి అడుగున షాపుల ప్రకటనలు, బొమ్మలు. ఆ ఫైలు బరువైనది. దాన్ని తెరవమని నొక్కి, తెరమీద మొదటి పేజీ పడేదాకా ఆపరేటరు చేతులు కట్టుకు కూర్చోవలసిందే. ఆమె వెనకే బాబాయి బల్ల. రోజుకు పదిసార్లు ఆమె ఫైలు తెరుస్తుంది, ఆయన వేళ్లు నడుస్తూనే ఉంటాయి. అందువల్ల ఆయన అనుకోకపోయినా ఆ లెక్క ఆయనకు పట్టుబడింది. ఫైలు తెరుచుకోవడానికి నలభై నాలుగు చేతులు. ఒకటి అటూ ఇటూ.

మంగళవారం పొద్దున ఆమె ఫైలు నొక్కింది. నలభై నాలుగు చేతులైనా పేజీ రాలేదు. అరవై అయినా రాలేదు. ఎనభై దాటాయి. ఆయన చేతిలో రీము అయిపోయింది, ఇంకో రీము విప్పాడు. నూట పన్నెండో చేతికి పేజీ పడింది.

తప్పు లెక్కపెట్టానేమోననుకున్నాడు. ముప్ఫై ఏళ్లలో అలా అనుకోవడం అదే మొదలు.

పక్కన బావమరిది కుర్చీలో గెంతుతున్నాడు. "బావా! చూశావా! నొక్కానా, వచ్చేసింది! రైలే ఇది, రైలు!"

బాబాయి అతనిది కూడా లెక్కపెట్టాడు. నలభై రెండు.

అతని మిషను ఎంత పరిగెత్తినా అతను టైపు చేసేది రెండు వేళ్లతోనే. అయినా సాయంత్రానికి అతనివి తొమ్మిది పేజీలైతే ఆమెవి ఆరు. ఆమె వేళ్లు వానలా పడతాయి. కానీ పేజీ తిప్పిన ప్రతిసారీ మిషను ఆగి గురకపెడుతుంది. పెట్టె ముందున్న ఎర్రదీపం ఆరకుండా వెలుగుతూ ఉంటుంది. ఇదివరకు ఆ దీపం మిణుకుమని ఆరిపోయేది.

బుధవారం యజమాని ఇద్దరి పేజీల దొంతరలనూ చేత్తో తూచి చూశాడు. ఆమె కుర్చీ వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఈ నెలాఖరుదాకా రామ్మా. నిన్నననడానికేం లేదు. పాత వైరు మిషను, నువ్వు మాత్రం ఏం చేస్తావు? కొత్తదొక్కటే రెండిటి పనీ చేసేస్తోంది. ఇద్దరెందుకు?"

"సరే సార్," అంది ఆమె. వేళ్లు మీటలమీద పెట్టి ఉన్నాయి కానీ ఒక్కటీ నొక్కడం లేదు. వరద బురదలోంచి ఒక్కొక్క అక్షరాన్నీ ఏరి కడిగింది ఆమే. సీసం పోయి కంప్యూటరు వచ్చినప్పుడు ఎవరూ ముట్టుకోడానికి జంకితే ముందు కూర్చున్నదీ ఆమే.

బాబాయి కట్ట సరిచేసుకుంటూ మెల్లగా అన్నాడు. "అమ్మాయ్, నీ మిషను మొన్నటికీ ఇప్పటికీ తేడాగా ఉంది."

ఆమె వెనక్కి తిరగలేదు. "పాతదైపోయింది బాబాయ్. పట్టీ వైరు కదా."

"మొన్నా పట్టీ వైరే."



*

గురువారం ఆయన ఇంకే సంగతీ ఆలోచించలేదు. పదిహేనుసార్లు లెక్కపెట్టాడు. నూట పదికి తగ్గలేదు, నూట పదమూడు దాటలేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని మెషీన్‌మ్యాన్ పక్కన కూర్చున్నాడు.

"నీ మిషనుకి అచ్చైన కాగితాలు వచ్చిపడే బల్ల ఉంది కదా. దాన్ని మూడింతలు వెడల్పు చేయిస్తే గంటకి ఎక్కువ కొడుతుందా?"

"ఎక్కడ కొడుతుంది బాబాయ్? రోలరు తిరిగినంతే కదా కాగితం వచ్చేది. బల్ల ఎంతుంటే ఏం?"

"అదే."

"ఏది అదే?"

బాబాయి తినడం మొదలుపెట్టాడు. మెషీన్‌మ్యాన్ కాసేపు ఆయన వంక చూసి, "నువ్వు ఇన్ని మాటలు మాట్లాడావంటే ఏదో జరగబోతోంది," అన్నాడు.

శుక్రవారం పదకొండు గంటలకు యజమాని కటింగు చూడటానికి వచ్చాడు. బాబాయి కత్తి పిడి వదిలేసి నిలబడ్డాడు.

"అయ్యా, పాతదానికి ఏదో జరిగింది."

"ముసలిదైంది పెద్దాయనా. మనలాగే."

"మనం ఒక్క రాత్రిలో ముసలివాళ్లం కాలేదు. శనివారం దాకా నలభై నాలుగు చేతులు. మంగళవారం నూట పన్నెండు. కొత్తది వచ్చిననాడే ఇది పడింది."

"చేతులేంటి?" అన్నాడు బావమరిది.

మెషీన్‌మ్యాన్ అప్పటికే మిషను ఆపేశాడు. "పందెం పెట్టండి సారూ! రెండింటి మీదా ఒకే ఫైలు! బాబాయి లెక్క!"

యజమానికి పందేలంటే ప్రాణం. చేతిలో కాగితాలు గిరాటేసి, "పెట్టు!" అన్నాడు. పక్కనున్న బైండింగు షాపువాళ్లు ముగ్గురూ గుమ్మంలోకి వచ్చారు. ఎవరో పరిగెత్తి మెకానిక్‌ని పిలుచుకొచ్చారు. అతను గుమ్మం దగ్గర్నుంచే, "మూడింతలు! ముందే చెప్పానా లేదా!" అని అరుచుకుంటూ వచ్చాడు.

ముందు పాతది. ఆపరేటరమ్మాయి నొక్కింది. బాబాయి కట్ట విప్పాడు. ఆయన పెదవులు కదులుతుంటే మెషీన్‌మ్యాన్ పైకి అరిచాడు. "ముప్ఫై! నలభై! నలభై నాలుగు, అయ్యో పోయింది! యాభై!" గుమ్మంలోవాళ్లు అందుకున్నారు. వంద దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. నూట పన్నెండు.

తర్వాత కొత్తది. నలభై రెండుకి పేజీ ధగధగలాడుతూ తెరమీద పడింది. బావమరిది రెండు చేతులూ పైకెత్తాడు. మెకానిక్ అందరివైపూ చూశాడు. "ఏం? సన్న వైరా కాదా?"

"అయిపోయింది పెద్దాయనా," అన్నాడు యజమాని, కొంచెం జాలిగానే.

"మూత తీయించండి. పాతదాన్ది," అన్నాడు బాబాయి.

మెకానిక్ మొహంలో నవ్వు తగ్గింది. ఒక్కొక్క మరా విప్పాడు. మూత తీశాడు. లోపల దువ్వెనంత పొడుగున్న పచ్చపలక ఒకటి నిలబెట్టి ఉంది. దాని పక్కనే అలాంటిదే పెట్టుకునే గాడి ఖాళీగా ఉంది. ఆ గాడిలో దుమ్ము లేదు. చుట్టూ అంతా దుమ్మే.

"ఇక్కడ ఒకటుండాలి. కొత్తదాన్లో ఎన్నున్నాయి?" అని అడిగాడు బాబాయి.

కొత్తదాని మూత బావమరిదే తీశాడు. "రెండు బావా. రెండున్నాయి."

"సోమవారం ఇది విప్పింది ఇతనొక్కడే," అన్నాడు బాబాయి. ఎప్పుడూ మాట్లాడని మనిషి గొంతు ఆ గదిలో పెద్దగా వినిపించింది. "సన్న వైరు గొప్పని చూపించుకోడానికి దీన్లోది పీకి దాన్లో పెట్టాడు. వీధంతా అమ్ముకోవచ్చని. దొంగపని."

యజమాని మెడ నరాలు ఉబ్బాయి. "ఏరా! నా ప్రెస్సులోనా! తీశావా లేదా?"

మెకానిక్ ఆపరేటరమ్మాయి వంక ఒక్కసారి చూశాడు. తర్వాత స్క్రూడ్రైవరు వంక చూసుకున్నాడు.

"తీసింది నేనే సార్."

"అందరూ విన్నారా? ఇంకెప్పుడైనా ఈ గుమ్మం ఎక్కితే..."

"సార్."

ఆమె లేచి నిలబడి ఉంది.

"అతను కాదు సార్. నేనే తీయమన్నాను."

యజమాని ఆమెవైపు తిరిగాడు.

"కొత్తది నాకే ఇస్తారనుకున్నాను. ఆరేళ్లనుంచి చేస్తున్నాను కదా, నాకే అనుకున్నాను. పాతదాన్ని ఇంకెవరు ముట్టుకుంటారులే అని, అందులో మంచివేమైనా ఉంటే తీసి దీన్లో పెట్టమన్నాను. అతను ఒకసారి వద్దన్నాడు కూడా. తర్వాత మీరు..." ఆమె బావమరిది వైపు చూసి చూపు తిప్పుకుంది. "తిరిగి పెట్టమని ఏ మొహంతో అడగను? అయినా అదంతా వైరు మహిమేననుకున్నాను. ఈ చిన్న పలకతో ఇంత పని పడుతుందని నాకూ తెలీదు."

ముందుగా బావమరిది పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. "అక్కా! అంటే నాలుగు రోజులనుంచి నేను నీ పలకమీద ఎగురుతున్నానా!"

దాంతో గుమ్మంలోవాళ్లూ నవ్వేశారు. యజమాని కోపం ఎటు పోవాలో తెలియక మెకానిక్ మీదే పడింది. "అప్పుడే ఆ మాట చెప్పాలి కదరా నువ్వు?"

"ఆవిడ చెబుతుందేమోనని ఆగాను సార్. ఆడమనిషిని పదిమందిలో..." అని ఆపేశాడు.

"మరి మూడింతలన్నావు?"

"కంపెనీవాళ్ల కాగితంలో అలాగే ఉంటుంది సార్! ఈ పలకను ర్యామ్ అంటారు, ఇది బల్లలాంటిది. బల్ల చిన్నదైతే కాగితాలన్నీ ఊరికే బీరువాలో పెట్టి తీస్తుండాలి. ఆ బీరువా హార్డ్ డిస్కు. అందుకే ఆ దీపం ఆరదు."

"పలక మార్చరా!" అని కేకపెట్టాడు మెషీన్‌మ్యాన్. "మళ్లీ పందెం!"

మెకానిక్ రెండు మిషన్లూ ఆపి, కొత్తదాన్లోంచి ఒక పచ్చపలకను తీసి, అంచును చొక్కాకు తుడిచి, పాతదాని గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాడు. టక్కుమంది. ఈసారి కొత్తదాని వంతు ముందు. సన్న వైరు అలాగే ఉంది. బావమరిది నొక్కాడు. బాబాయి వేళ్లు నడిచాయి. నలభై రెండు పోయింది. అరవై, డెబ్భై. "రైలు ఆగిందిరోయ్!" అని ఎవరో అరిచారు. తొంభై ఏడు.

"పాతది," అన్నాడు యజమాని. అతను ఎప్పుడో కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

ఆమె నొక్కింది. "ఇరవై! ముప్ఫై! నలభై! నలభై ఒకటి! రెండు! మూడు!"

నలభై నాలుగుకి పేజీ పడింది. ఎర్రదీపం మిణుకుమని ఆరిపోయింది.

ప్రెస్సు దద్దరిల్లింది. బైండింగువాళ్లలో ఒకడు బల్లమీద దరువేశాడు. చెరో రెండు పలకలూ ఇస్తే సన్న వైరుకు నలభై రెండు, పట్టీ వైరుకు నలభై నాలుగు. పది కాగితాల తేడా. మెషీన్‌మ్యాన్ బాబాయిని నడుము పట్టి ఎత్తబోయి, కత్తి పక్కన ఉన్నాడని మానుకున్నాడు.

యజమాని కుర్చీ దిగి చొక్కా సరిచేసుకున్నాడు. "అమ్మాయ్, నెలాఖరు మాట మరిచిపో. నువ్వు కొత్తదాని ముందు కూర్చో. వీడు పాతది చూసుకుంటాడు."

"వద్దు సార్. నాకిది చాలు. నా పలక మాత్రం మళ్లీ ఎవరికీ ఇవ్వను."

"బావా, మరి నాకో?" అన్నాడు బావమరిది.

ఆ గోలలో మెకానిక్ సామాను సంచిలో సర్దుకుని బయటికి నడిచాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. గుమ్మం దగ్గర పక్కకు జరిగినవాళ్లు కావలసినదానికన్నా ఎక్కువే జరిగారు. బాబాయి చూశాడు. పిలుద్దామని నోరు తెరిచాడు. మాట దొరికేలోపు అతను వీధిలోకి దిగిపోయాడు.

ఆ పూట బాబాయి ఇంకో మూడు రీములు లెక్కపెట్టాడు. మూడోదాని లెక్క రెండుసార్లు తప్పాడు.

*

మర్నాడు పొద్దున ప్రెస్సుకు వెళ్లే దారి వదిలి వీధి చివరిదాకా నడిచాడు. మెకానిక్ అప్పుడే షట్టరు ఎత్తాడు. షాపు ముందు ఒక పెద్దమనిషి కంప్యూటరు పెట్టెను స్టూలుమీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బాబాయి అతను వెళ్లేదాకా ఆగుదామనుకున్నాడు. తర్వాత, నిన్న ఆ మాట అన్నది జనం ముందే కదా అని మెట్టెక్కాడు.

"నిన్న నిన్ను దొంగన్నాను. నువ్వు కాదు. నా తప్పు."

పెద్దమనిషి మెకానిక్ వంక అనుమానంగా చూశాడు.

"బాగుంది! పొద్దున్నే బేరం ముందా తాతా ఈ మాట చెప్పడం!" అన్నాడు మెకానిక్. కోపంగా అనబోయాడు కానీ అలా రాలేదు. కాసేపు మెడ గోక్కున్నాడు. "సర్లే. అన్నావు, అయిపోయింది."

"ఇంతకీ ఆ సన్న వైరు డిస్కు వేయించుకుంటే మూడింతలు స్పీడన్నావు?" అన్నాడు పెద్దమనిషి.

మెకానిక్ నోరు తెరిచి బాబాయి వైపు చూశాడు. బాబాయి అక్కడే నిలబడ్డాడు.

"అబ్బే, అంతేం కాదులెండి," అన్నాడు మెకానిక్. "కొంచెం. చాలా కొంచెం. ముందు లోపల ర్యామ్ ఎంతుందో చూద్దాం." స్క్రూడ్రైవరు తీసి మొదటి మరమీద పెట్టాడు. స్టూలు ఊగింది. "నిలబడి చూస్తావేంటి తాతా? ఆ పెట్టె కాస్త పట్టుకో."

బాబాయి క్యారేజీని మెట్టుమీద పెట్టి, పెట్టెను కదలకుండా అదిమి పట్టుకున్నాడు.